డ్రిల్లింగ్ క్యాంపులో మంచుగడ్డ

డెబ్బైల మొదట్లో రామగిరి దగ్గర ఒక డ్రిల్లింగ్ క్యాంపులో జియాలజిస్టుగా చేరాను. బొగ్గు ఎంత లోతున ఉందో తెలుసుకోవడానికి భూమిలోకి గొట్టాలు దించి, గుండ్రటి రాతి కడ్డీలు పైకి తీసేవాళ్ళం. వాటిలో ఏ పొర ఎక్కడ మొదలైందో చూడడం నా పని. యంత్రం నడిపేది ఒక పెద్దాయన. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు మాట్లాడేవాడు. అందరం చాచా అనేవాళ్ళం.

ఒక వేసవి మధ్యాహ్నం యంత్రం ఆగిపోయి, టార్పాలిన్ నీడలో కూర్చున్నాం. సైన్సు పత్రికలో చదివిన సంగతి చెప్పాను. గ్రీన్లాండులో కూడా మనలాగే డ్రిల్లు వేస్తున్నారు, కాకపోతే మంచులో.

"మంచు కింద బొగ్గున్నదా సార్?" అన్నాడు చాచా.

"బొగ్గు కోసం కాదు. ఏటేటా పడ్డ మంచు పొరలు పొరలుగ గట్టిపడ్డది. ఏ పొర పడ్డప్పుడు ఎంత చలి ఉన్నదో ఆ మంచుల తెలుస్తది. ఎనకట భూమి వేడెక్కితే మంచు ఏమైందో తెలిస్తే, ఇకముందు సముద్రం ఎంత పెరుగుతదో అంచనా కట్టొచ్చు."

"మంచు కరిగితే గంత సముద్రం పెరుగుతదా?" ఆయన నమ్మలేదు.

మర్నాడు గోదావరిఖని నుంచి వచ్చే జీపులో సోడా దుకాణం మంచుగడ్డ తెప్పించాను. రంపపు పొట్టు కడిగి రెండు ముక్కలు చేశాను. ఒకదాన్ని బేసిన్లో నీళ్ళ మీద తేలనిచ్చాను. రెండోదాన్ని ఇంకో బేసిన్లో, నీళ్ళ పైకి కనిపించే రాయి మీద పెట్టాను. రెండింట్లోనూ అంచుదాకా నీళ్ళు పోశాను. కరిగాక మొదటి బేసిన్ అలాగే ఉంది. రెండోది పొర్లింది.

"గ్రీన్లాండు మంచు గిట్లనే నేల మీదున్నది చాచా."

ఆయన వంగి తడిసిన మట్టిని వేలితో తాకి చూశాడు.

"మా బిడ్డనిచ్చింది బందరుల సార్. సముద్రం దూరమేం కాదు. ఎప్పుడు వస్తదట?"

"మన కాలంల కాకపోవచ్చు."

"దాని పిల్లల కాలంల?"

"తెల్వదు. అది తెలుసుకునేటందుకే తవ్వుతున్నరు."

ఊరడించడానికి ఇంకేదైనా చెప్పి ఉండొచ్చు. మనసొప్పలేదు. సాయంత్రానికి యంత్రం బాగైంది, పనిలో పడ్డాం.

ఆ తర్వాత పత్రిక వచ్చినప్పుడల్లా చాచా టీ గ్లాసుతో నా టెంటు దగ్గరికి వచ్చేవాడు.

"మంచుల ఇంకెంత లోతు దిగిండ్రు సార్?"

చాలా నెలలు ఆ కబురే ఉండేది కాదు. లేదని చెబితే, "రాడ్డు ఇరుక్కున్నదేమో, జల్ది రాదది," అని వాళ్ళ తరఫున తనే సర్దిచెప్పి వెళ్ళేవాడు.