బ్లెస్సింగ్ విన్న రెండో స్వరం

మలేషియాలోని సైబర్‌జయలో ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం. నేను ఎలక్ట్రానిక్స్ శాఖలో సీనియర్ లెక్చరర్‌ని. పదవీ విరమణకు మూడేళ్ళ ముందు, జనవరి సెమిస్టరు మొదట్లో, ఆఫ్రికా నుంచి వచ్చిన నల్లజాతి విద్యార్థులకు అండగా ఉండే బాధ్యత నాకు అప్పగించారు. వారిలో కొందరు చదువు మధ్యలోనే వదిలేస్తున్నారు. ఎవరికి ఏ కళ వస్తే దాన్నే ప్రాజెక్టులోకి తెమ్మన్నాను.

నైజీరియా అమ్మాయి బ్లెస్సింగ్ చర్చిలో పాడేది. ల్యాబులో ఆమె పక్కన ఎవరూ కూర్చునేవారు కారు. ప్రాజెక్టులో ఒకసారి తప్పింది. మళ్ళీ తప్పితే వీసా పొడిగించరు. మోటారులో లోపం కనిపెట్టడానికి దాని రొదలోని స్వరాన్ని చెవితో పట్టి పాడటం, ఆ స్వరాన్ని కంప్యూటరు తెర మీద మోటారు శబ్దపు పౌనఃపున్యాల పటంలో సరిచూడటం ఆమె పని.

"ఏటి సారూ, పాటకి మార్కులేత్తారా?" అన్నాడు మా టెక్నీషియన్ అప్పలసూరి. ఒకప్పుడు ఉత్తరాంధ్ర నుంచి ఇక్కడి రబ్బరు తోటలకు వచ్చిన ఎస్టేటు కూలీల మనవడు. అక్కడ నాతో తెలుగు మాట్లాడేది అతనొక్కడే. నేను నవ్వలేకపోయాను. నా భయమూ అదే.

మౌఖిక పరీక్షలో గైడుగా నేను నోరు విప్పకూడదు. పరీక్షకులు తాము తెచ్చిన మోటారును అప్పలసూరి చేత తిప్పించారు. బ్లెస్సింగ్ ఒక స్వరం పాడింది. తెర మీద సరిగ్గా అక్కడే గీత లేచింది. తర్వాత పై స్థాయిలో, సన్నగా ఇంకొకటి పాడింది. అక్కడ తెర ఖాళీ.

"లేనిది ఎలా వినిపించింది?" అన్నాడు ప్రధాన పరీక్షకుడు.

"ఉంది సార్. ఎందుకొస్తోందో మాత్రం నాకు తెలీదు," అందామె. ఆయన మార్కులు తగ్గించడానికి కలం తీశాడు.

అప్పలసూరి మలేషియా వాళ్ళ అలవాటులో మాట చివర 'లా' చేర్చి నా చెవిలో గొణిగాడు. "ఆ పిల్ల సెప్పినాది నిజమే లా. నాకూ ఇనిపించినాది."

మోటారు రొదలో ఆ సన్నని స్వరం నా వయసు చెవికి దొరకలేదు. కానీ అప్పుడు గుర్తొచ్చింది. ఏసీ సన్నని ఈల అడ్డురాకుండా, పై పౌనఃపున్యాలను ఆపేసే ఫిల్టరు ముందురోజు నేనే పెట్టాను. ఆమెకు చెప్పలేదు. ఇప్పుడు ఒప్పుకుంటే నియమం తప్పినట్లు. పైగా ప్రాజెక్టే చెల్లదనవచ్చు. ఊరుకుంటే ఆమె తప్పుతుంది.

లేచి చెప్పేశాను. ప్రధాన పరీక్షకుడు ఫిల్టరు తీయమన్నాడు. ఆమె పాడిన చోటే రెండో గీత లేచింది. అప్పలసూరి మోటారు ఫ్యాను మూతకు వదులైన బోల్టు బిగించగానే అది మాయమైంది.

బ్లెస్సింగ్ సి గ్రేడుతో గట్టెక్కింది. నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది, జవాబిచ్చాను.

విద్యార్థి విన్నదాన్ని కొట్టిపారేసే ముందు పరికరం హద్దులు చూడాలి. ఆ హద్దు పెట్టినవాడే ఆ మాట పైకి చెప్పాలి.