ఎక్కిళ్ల సూర్యం, ఎండల ప్లాను

మా సూర్యం ఒంటరిగా మంచినీళ్లు తాగలేడు. ఎదుటివాళ్లు కూడా ఒక గ్లాసు ఎత్తితే తప్ప ఆయనకు గొంతు దిగదు. కాదని తాగాడో, వెంటనే ఎక్కిళ్లు. లోకంలో అందరూ ఎక్కిళ్లు వస్తే నీళ్లు తాగుతారు. ఈయనకు నీళ్లు తాగితే ఎక్కిళ్లు.

మనిషి మాత్రం చదువుకున్నవాడే. గోల్‌మురి క్వార్టర్లలో పెరిగి, నగర ప్రణాళిక చదివి, జంషెడ్‌పూర్‌లోనే ఒక చిన్న సంస్థలో పనిచేస్తున్నాడు. నేనూ అక్కడే, ఆయన కింద. ఏటేటా ముదిరిపోతున్న ఎండలను తట్టుకునేలా బిర్సానగర్‌లో తెలుగువాళ్లుండే ఒక బస్తీని సిద్ధం చేయాలని మాకు పని అప్పగించారు. ఏ ఇంటి రేకులకు తెల్లసున్నం వేయాలి, చెట్లు ఎక్కడ నాటాలి, వడగాలి రోజుల్లో ముసలివాళ్లు ఎక్కడ తలదాచుకోవాలి, ఇవన్నీ తేల్చి ఒక ప్లాను రాయాలి.

నేను ఎండ కొలిచే పరికరం పట్టుకుని ఇంటింటికీ తిరిగేదాన్ని. సూర్యం మాత్రం ఇంటింటికీ వెళ్లి నీళ్లు అడిగేవాడు.

"అమ్మా, కాసిన్ని మంచినీళ్లిత్తారా?"

"అయ్యో, తీసుకో బాబూ."

"మీరూ ఓ గ్లాసు తెచ్చుకోండమ్మా. నానొక్కణ్నీ తాగితే ఎక్కిళ్లొత్తాయి."

"ఏటి బాబూ, ఇదేం రోగం?"

"పుట్టుకతో వచ్చిందమ్మా... హిక్!"

ఆ హిక్కు వినగానే పాపం ఆవిడ పరుగున వెళ్లి ఇంకో గ్లాసు తెచ్చుకునేది. సూర్యం ఆ గ్లాసు వంకే చూస్తూ కూర్చునేవాడు. తర్వాత దండం పెట్టి పక్కింటికి. అక్కడా అదే దాహం.

బస్తీ మొత్తానికి మతి పోయింది. ఒకరు షుగరు ఉందన్నారు. ఒకరు దెయ్యం పట్టిందన్నారు. ఆటో నడిపే పోలయ్యకు మాత్రం గట్టి అనుమానం పట్టుకుంది. ఒకరోజు ఆటో అడ్డంగా పెట్టి మమ్మల్ని నిలదీశాడు.

"సర్వే అంటారు, కాగితం ఉండదు. ఇళ్లలో దూరి కప్పు వైపు చూత్తారు. సచ్ బోలో, నిజం సెప్పండి, మా ఇళ్లు కూల్చేత్తారా?"

"లేదు పోలయ్యా, ఎండలు తట్టుకోడానికి ప్లాను రాత్తన్నాం," అన్నాడు సూర్యం.

"ఎండకి ప్లానేటి? ఎండేమన్నా మీరు సెప్తే వింటాదా?"

"వినదు. అందుకే మనమే..." అని సూర్యం ఆగి, పోలయ్య సీసా వైపు చూశాడు. "నీకాడ మంచినీళ్లున్నాయా?"

పోలయ్య నా వైపు తిరిగాడు. "మేడమ్, ఈయన్ని ఆస్పత్రికి తీసుకెళ్తారా, నన్ను దింపమంటారా?"

ఆఫీసులోనూ ఇదే గందరగోళం. మా పై అధికారి ప్రేమ్‌కుమార్ గారిది కదమా అనే పేటలో స్థిరపడ్డ తెలుగు కుటుంబమే గాని, కోపం వస్తే హిందీ వస్తుంది. "సూర్యం, కామ్ కహాఁ తక్ పహుంచా?" అని పని ఎంతవరకు వచ్చిందో అడిగారు.

"సార్, మూడు సందులు తాగేశాను."

ప్రేమ్‌కుమార్ గారు నా వైపు చూశారు. నేను ఫ్యాను వైపు చూశాను. ఆయన వెళ్లిపోయాక సూర్యం తన బల్ల దగ్గర సీసా ఎత్తి గటగటా తాగేశాడు. ఒక్కడే. ఎక్కిలి లేదు, ఏమీ లేదు. నాకు ఉన్న మతి కాస్తా పోయింది.

మే నెల మధ్యకొచ్చేసరికి వడగాలి మొదలైంది. సూర్యం ఇప్పుడు రోజూ తవిటమ్మ అనే ముసలావిడ ఇంటికే వెళ్తున్నాడు. ఆవిడ రేకుల ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. ఈయన ఎక్కిళ్లు వినలేక తనూ గ్లాసు ఎత్తి, కొంగు అడ్డం పెట్టుకుని తాగేది.

ఒక మధ్యాహ్నం మేం వెళ్లేసరికి ఆవిడ గడప మీదే కళ్లు తిరిగి పడి ఉంది. అటుగా ఆటోలో వచ్చిన పోలయ్య, సూర్యం కలిసి నీడకు మోసుకొచ్చారు. తడిగుడ్డ వేశాం. కొంచెం తేరుకున్నాక ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు చెంచాతో పట్టాం. సూర్యం అట్టముక్కతో విసురుతూనే అడిగాడు.

"రోజూ నాతో కలిసి తాగుతున్నారు కదమ్మా! ఎందుకిలా అయ్యింది?"

తవిటమ్మ సిగ్గుపడి నన్ను దగ్గరికి రమ్మని చెవిలో చెప్పింది. "నాను తాగలేదమ్మా. కొంగు సాటున మొక్కలో పోసీసినాను. ఆ బాబుకి ఎక్కిళ్లు తగ్గుతాయి కదాని తాగినట్టు నటించినాను."

"ఎందుకు తాగవు పెద్దమ్మా?"

"తాగితే పోవాలి కదా! అందరికీ ఒక్కటే మరుగుదొడ్డి, సందు సివరుంది. ఆడోళ్ల వైపు తలుపుకి గొళ్లెం లేదు. పగలెలా ఎళ్తాం? సీకటి పడేదాకా మాకెవులికీ గొంతు తడవదు."

ఈ మాట సూర్యానికి చెబితే రోడ్డు మీదే కూలబడ్డాడు. అప్పుడు బయటపడింది అసలు సంగతి.

"మొదటి రోజే చూశాను బిందూ. నాకు నీళ్లిచ్చే ప్రతి ఆడమనిషికీ పెదాలు ఎండిపోయున్నాయి. తాగండమ్మా అంటే తాగుతున్నాం బాబూ అంటారు. అదే వచ్చినోడికి ఎక్కిళ్లొత్తే మాత్రం ఊరుకోలేరు కదా అని..."

"అంటే ఆ ఎక్కిళ్లు..."

"ఒక్కటీ నిజం కాదు. కానీ ఎందుకు తాగరో నేను అడగనే లేదు చూడు. నన్ను చూసి తాగిన వాళ్లందర్నీ ఎంత అవస్థ పెట్టానో!"

అని లేచి, తిన్నగా ఇనుప సామాన్ల కొట్టుకు పరుగెత్తాడు. పోలయ్య ఆటోలోనే. సాయంత్రానికల్లా ఆ తలుపుకి గొళ్లెం పడింది.

ప్లానులోనూ మొదటి పనిగా 'ఆడవాళ్ల మరుగుదొడ్డికి గొళ్లెం' అని రాశాడు. ప్రేమ్‌కుమార్ గారు అది చదివి కళ్లజోడు తీసేశారు. "గర్మీ కే ప్లాన్ మే గొళ్లెం క్యా కర్ రహా హై? ఎండలకీ గొళ్లేనికీ ఏం సంబంధం?"

"వచ్చి చూడండి సార్."

వచ్చారు. తవిటమ్మ వాకిట్లో కూర్చున్నారు. ఆవిడ మజ్జిగ ఇచ్చింది. తర్వాత నీళ్లిచ్చింది. పెద్దమనిషి కదాని మళ్లీ మజ్జిగ ఇచ్చింది. కాసేపటికి ప్రేమ్‌కుమార్ గారు కుర్చీలో అటూ ఇటూ కదిలారు. గొంతు తగ్గించి దారి అడిగారు. నడినెత్తిన సూర్యుడు ఉండగా ఆ పొడుగాటి సందులో నడిచి వెళ్లారు. అక్కడ వరసలో నిలబడ్డారు. తిరిగి వచ్చేసరికి కొలిమిలోంచి తీసిన ఇనుములా ఉన్నారు.

"సూర్యం, ఆ సందు పొడుగునా నీడ వేయలేమా?"

"రెండో పని అదే సార్. తెరచాప గుడ్డ కడదాం. ఆనక చెట్లు."

ఆయన అక్కడికక్కడే సంతకం చేశారు. తవిటమ్మ నిండు గ్లాసు పట్టుకుని వచ్చింది. "బాబూ, ఇంకొంచెం తాగుతారా?"

ప్రేమ్‌కుమార్ గారు రెండు చేతులూ జోడించారు. "బస్ మా జీ, బస్! ఇక చాలు!"

"పోనీలే," అంది తవిటమ్మ. పట్టపగలు, అందరి ముందూ, కొంగు అడ్డం లేకుండా ఆ గ్లాసు తనే ఎత్తి గటగటా తాగేసి మూతి తుడుచుకుంది.