పేరు రాయని పొట్లం

ఏడేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డంపడి ఉంది. నేను డాక్టర్ని. ఇతరుల గొంతులు చూసి మందివ్వడం నా పని, నా గొంతులోదాన్ని మాత్రం బయటికి తీసుకోలేకపోయాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

గణపవరం దగ్గర ఒక ఊళ్లో నా ప్రాక్టీసు. దగ్గు, ఆయాసం కేసులకు మా వైపు కొదవ లేదు. నూర్పిళ్ల దుమ్ము, రైసు మిల్లుల ఊక, చేపల మేతకు వాడే తవుడు, అన్నీ ఊపిరితిత్తుల్లోకే పోతాయి. ఉబ్బసానికి సరైనది పీల్చే మందు. అది నాకు కాలేజీలో ఉన్నప్పుడే తెలుసు. కానీ ఇన్‌హేలరంటే ఇక్కడి జనానికి హడల్. ఒకసారి నోట్లో పెడితే జన్మంతా వదలదనీ, అది ఆఖరి మందనీ నమ్మకం. ఆ భయం పోగొట్టాలంటే ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి పావుగంట చెప్పాలి. బయట బెంచీల నిండా జనం. నాకు అంత ఓపిక లేదు. తెల్ల మాత్రలు కాగితం పొట్లాల్లో కట్టి ఇచ్చేవాణ్ణి. పొట్లం మీద మందు పేరు రాసేవాణ్ణి కాదు. రెండ్రోజుల్లో ఆయాసం తగ్గిపోయేది. నా హస్తవాసి మంచిదని చుట్టుపక్కల ఊళ్లన్నీ చెప్పుకున్నాయి. వింటే నాకు బాగుండేది, అబద్ధమెందుకు.

రూతమ్మ కొల్లేరు వైపు నుంచి వచ్చేది. చేపల చెరువు గట్టు మీద తవుడు సంచుల్లో నింపే పని. మొదటిసారి ఆమెకు ఇన్‌హేలరే రాశాను. భర్త దానియేలు చేతులు జోడించి "అది మాత్రం వద్దండీ, మాకు మాత్రలే ఇవ్వండి" అన్నాడు. నేను వాదించలేదు. పొట్లం కట్టాను. అలా నాలుగేళ్లు కట్టాను. ఎముకల గూడులా ఉండే మనిషి బుగ్గలు గుండ్రంగా తేలాయి. "ఒళ్లు చేశానండీ, అంతా మీ చలవే" అని మురిసిపోయేది. అది ఒళ్లు చేయడం కాదు, మందు తెచ్చిన ఉబ్బు. ఆ మందు అన్నాళ్లు వాడి ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికొస్తుంది. పొట్లం అయిపోకముందే రమ్మని మాత్రం చెప్పేవాణ్ణి. ఎందుకో చెప్పలేదు.

కూతురికి నొప్పులొస్తున్నాయని కబురొస్తే రూతమ్మ ఉన్నపళంగా ఏలూరు వెళ్లింది. పొట్లం ఇంట్లో గూట్లో ఉండిపోయింది. అయిదో రోజుకు వాంతులు, జ్వరం. పురిటి మంచం పక్కనే కళ్లు తిరిగి పడిపోయింది. ఆసుపత్రిలో చేర్చారు.

ఆ ఉదయం ఏలూరు ఆసుపత్రి నుంచి నాకు ఫోనొచ్చింది. ఎవరో చిన్న వయసు డాక్టరమ్మ.

"నమస్తే సర్. రూతమ్మ గారని మీ పేషెంటండి, బీపీ బాగా పడిపోయింది. మీ దగ్గర తెల్ల మాత్రలు వాడతారటండి. అవి స్టెరాయిడ్సా సర్?"

"అబ్బే, కాదండీ. అలర్జీ మాత్రలు. బలానికి విటమిన్లు."

"మొహం చూస్తే నాకు అనుమానంగా ఉంది సర్. అవే అయితే వెంటనే ఇంజెక్షను ఇచ్చేయాలి. కాకపోతే ఇంత ఇన్‌ఫెక్షన్‌లో ఇవ్వడానికి భయమేస్తోందండి. కచ్చితంగా కాదంటారా?"

"కచ్చితంగానే చెబుతున్నానమ్మా. అలాంటివి నేను వాడను."

గొంతు ఏమాత్రం వణకలేదు. ఆ సంగతే ఇప్పటికీ నన్ను భయపెడుతుంది. ఎందుకు అబద్ధమాడాను? ఎదురుగా పేషెంటు ఉన్నాడనా? నన్నెరిగిన తాడేపల్లిగూడెం డాక్టర్లు నవ్వుకుంటారనా? నిన్నగాక మొన్న చదువు ముగించిన పిల్ల నా తప్పు పట్టుకుందన్న ఉక్రోషమా? అన్నీ కొంచెం కొంచెం ఉన్నాయి. కానీ ఆ నంబరు నా ఫోన్లోనే ఉంది కదా. సాయంత్రంలోగా మూడుసార్లు తీసి చూశాను. తెల్లారాక చేద్దాంలే అనుకున్నాను. మర్నాడు మధ్యాహ్నానికి రూతమ్మ పోయింది.

చెప్పి ఉంటే బతికేదా? బతికేదనే నా నమ్మకం. వైద్యం తెలిసినవాడిగా ఇంకోలా అనుకోవడానికి నాకు వీల్లేదు.

సమాధి కార్యక్రమం అయిన వారానికి దానియేలు వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. చొక్కా జేబులోంచి పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు.

"మీ మందు మానేసింది కాబట్టే పోయిందండీ. అది వేసుకున్నన్నాళ్లూ బానే ఉందండీ. మిగిలినవి ఇవి, ఇంకెవరికైనా పనికొస్తాయని తెచ్చానండి" అన్నాడు.

అతను అన్నదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. నేను తల ఊపి పొట్లం తీసుకున్నాను.

ఆ తర్వాత పొట్లాలు కట్టడం మానేశాను. ఇప్పుడు ఇన్‌హేలరు నోట్లో పెట్టుకుని నేనే పీల్చి చూపిస్తాను. కొందరు వింటారు, కొందరు విసుక్కుని వేరే డాక్టరు దగ్గరికి పోతారు. దీన్ని ప్రాయశ్చిత్తమని మీరు అనుకోవద్దు. ఇది మొదటి నుంచీ నేను చేయాల్సిన పనే.

పొట్లం నా సొరుగులోనే ఉంది. ఈ పొద్దున దాని మీద పెన్నుతో పేరు రాశాను. ప్రెడ్నిసొలోన్. రాశాక కాస్త గాలాడినట్టయింది, అంతే.

డాక్టరమ్మా, మీరెక్కడున్నారో తెలియదు. ఆ రోజు మీరు అడిగినదానికి జవాబు ఇది. అవునమ్మా, అవి స్టెరాయిడ్సే.