సూర్యుడి చెంప మీద గాజు

షాలిమార్ గూడ్స్ యార్డులో దిగేసరికి ఉదయం ఆరు పది. గాలి లేదు. ఉక్క. ఆ ఉక్కలో చొక్కా పిండితే ఒక ఎకరం తడుస్తుంది. నా వీపు మీది కిట్టు ఏ ఎద్దుకి చూపించినా అక్కడికక్కడే రాజీనామా రాసిచ్చేది. వ్యాగన్లలో పట్టాళంలోని మా ఇంజనీర్ల కంపెనీ సరుకు వచ్చింది. గోడలకి ఆనించడానికి సాల దుంగలు, గునపాలు, తాళ్ళు, ప్లాస్టర్ బస్తాలు, అద్దం పలకల పెట్టె ఒకటి.

ఊళ్ళో మీరంతా నన్ను అడిగేది ఒకటే. యుద్ధం చూశావా, ఎంతమందిని చంపావు అని. చూశానర్రా. కలకత్తాలో చూశాను. శత్రువు చేతిలో కుంచె ఉండేది.

మేం దిగడానికి పదిహేను రోజుల ముందు అక్కడ భూమి కదిలింది. ఎర్రజెండాల సర్కారు నడుస్తున్న రోజులు. సందుకో సమితి, సమితికో దాదా. భవానీపూర్ మేడలు పింగాణీ కప్పులు నాలుగు పగలగొట్టుకుని ఊరుకున్నాయి. ఏక్‌బాల్‌పూర్‌లో పోర్టు కూలీల లైన్లు మాత్రం నిలువునా బీటలు తీశాయి. అందులో ఒకటి తెలుగు లైను. అందరూ శ్రీకాకుళం ఒడ్డు నుంచి ఎప్పుడో వచ్చిన వాళ్ళు. "నీ భాష వాళ్ళే కదా, నువ్వే చూసుకో" అని సుబేదార్ సాబ్ నన్ను అక్కడికి తోశాడు. ఆయన దుంగలతో షాలిమార్‌లోనే ఉండిపోయాడు. నాకు తోడు వైర్‌లెస్ ఆపరేటర్ ఒకడు. పంజాబీ. రొట్టెని తప్ప ఎవర్నీ నమ్మేవాడు కాదు.

లైను వెనక పాత గిడ్డంగి గోడ. రెండంతస్తుల ఎత్తు. ఇరవై రెండు గదులు దానికి వీపు ఆనించి కూర్చున్నాయి. అవతలి వైపు నుంచి చూస్తే గోడలో పదకొండు బీటలు. పెద్దదాంట్లో నా పిడికిలి దూరింది. ఇంకో నెల ఆగితే నేనే దూరి కాపురం పెట్టేవాణ్ణి.

మా పద్ధతి చెప్తాను. బీటకి అడ్డంగా బొటనవేలంత వెడల్పు అద్దం ముక్క పెట్టి, రెండు కొసలూ ప్లాస్టర్‌తో అతికిస్తాం. గోడ వెంట్రుకవాసి కదిలినా అద్దం పుటుక్కుమంటుంది. రోజుకి మూడుసార్లు చూడాలి. ఆరుకి, పన్నెండుకి, మళ్ళీ ఆరుకి. పదకొండు బీటలకీ పదకొండు అద్దాలు పెట్టాను.

మర్నాడు ఆరింటికి చూస్తే అద్దాలన్నిటికీ పసుపు, కుంకం. ఒకదానికి దండ కూడా. నాకు ఒళ్ళు మండింది. తుడిచేశాను. పన్నెండింటికి మళ్ళీ బొట్లు. ఇది ఎవరి పని అని అరిస్తే తొమ్మిదో గదిలోంచి అప్పలనరసమ్మ వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. పోర్టులో ఒలికిన ధాన్యం చెరిగే పని, మధ్యాహ్నం ఇంటికొచ్చి పోయేది. ఆమె మొగుడు రాములు మీద మూడేళ్ళ కింద బస్తాల మోకు తెగి పడింది. నడుం విరిగింది. అప్పట్నుంచి ఆ గదిలో మంచం మీదే. అతని తల గోడకి జానెడు దూరంలో ఉండేది.

ఈ అద్దం గోడని కాపాడదప్పా, కదిలితే మనకి చెప్తుందంతే అన్నాను.

"సెప్పడానికొచ్చినోడికి బొట్టెట్టొద్దేటి తమ్ముడా? ఈ గోడ గురించి మాకు నిజం సెప్పినోడు ఇన్నేళ్ళలో ఎవుడున్నాడు?"

ఈసారి బొట్లు తుడవలేదు. తర్వాత తెలిసింది, లైనులో ఆడవాళ్ళంతా వంతులేసుకుని అద్దాలకి దణ్ణం పెడుతున్నారని. నేను రోజుకి మూడుసార్లు చూస్తే వాళ్ళు ముప్పైసార్లు చూసేవారు. అంత నికార్సయిన సెంట్రీ డ్యూటీ సరిహద్దులో కూడా నేను చూడలేదు.

నాలుగో రోజు పునరుల్లాస సమితి దిగింది. అధ్యక్షుడు దాదా మెళ్ళో ఉత్తరీయం హుగ్లీ నదికి ఈ ఒడ్డున మొదలై ఆ ఒడ్డున ముగిసేది. భూకంపానికి బెదిరిన జనానికి ఉత్సాహం నూరిపోయడం వాళ్ళ పని. పొద్దున్న మట్టిబొమ్మలు, మధ్యాహ్నం పాటలు, నాలుగు గంటలకి నవ్వుల తరగతి. పోర్టులో బస్తాలు మోసి వచ్చినవాణ్ణి నిలబెట్టి, నాభి నుంచి నవ్వమన్నారు. న్యాయంగా చెప్పాలి, పాటల మాస్టారు మంచివాడే. ఆడవాళ్ళు ఆ గంటసేపు నిజంగానే తేరుకునేవారు. అంతవరకూ నాకు పేచీ లేదు.

పేచీ గోడ దగ్గర వచ్చింది. దాని మీద ఉదయించే సూర్యుడు, పావురాలు, చాచిన అరచేతులు వేసి, పెద్దమనుషుల్ని పిలిచి సభ పెడతారట. వెల్ల వేశారు. రంగుల డబ్బాలు ఎన్నొచ్చాయంటే, సముద్రానికి రెండు పూతలు వేసినా మిగిలేవి. మా దుంగలు మాత్రం రాలేదు. వైర్‌లెస్‌లో సుబేదార్ సాబ్‌ని అడిగాను.

"దుంగలెప్పుడు? ఓవర్."

"సభ అయ్యాక. దుంగలు అడ్డమొస్తే బొమ్మ కనబడదట. ఓవర్."

"సభ దాకా ఆగుతానని గోడ చెప్పిందా సాబ్? ఓవర్."

"పైనుంచి ఆర్డర్. ఇంకోటి. ఆ అద్దాలు సూర్యుడి చెంప మీద మచ్చల్లా ఉన్నాయట. తీసెయ్. అవుట్."

తీశాను. నా చేత్తోనే, నా ఉలితోనే. పదకొండూ. పదకొండు నలభైకి మొదలెట్టి పన్నెండు ఐదుకి ముగించాను. జీవితంలో అంత చురుగ్గా ఏ మంచిపనీ చెయ్యలేదు. మీరు కోప్పడదలిస్తే సమితి మీద పడకముందు ఒకసారి నా మీద పడండి. నేను రోజూ పడుతూనే ఉన్నాను.

పని నుంచి వచ్చిన అప్పలనరసమ్మ గోడ వంక చూసింది. అద్దాలేవని అడిగింది. తీసెయ్యమని ఆర్డరొచ్చిందన్నాను.

"గోడకి కూడా సెప్పేరేటి ఆర్డరు, కదలొద్దని?"

గది ఖాళీ చేసి హౌరా అవతల సర్కారు వేసిన గుడారాల్లోకి పోవచ్చుగా అన్నాను. అన్నాక సిగ్గేసింది. పొద్దున్న ఏడింటికి పోర్టు గేటు దగ్గర లేనివాడికి ఆ రోజు పని లేదు. ఆ గుడారాల నుంచి ఏడింటికి గేటు చేరాలంటే ముందురోజే బయల్దేరాలి. రాములు నోట్లోకి పోయేది ఆమె చెరిగి తెచ్చిన గింజలే.

ఆమె కుళాయి దగ్గరికెళ్ళింది. ముంజేతికి సబ్బు రుద్దింది. ఎడమచేతి గాజుల్లోంచి ఒకటి, ఆకుపచ్చది, లాగింది. మొగుడు మంచంలో ఉండగా ముత్తయిదువ చేసే పని కాదది. నా దగ్గరికొచ్చి పిడికెడు ప్లాస్టర్ అడిగింది. ఇచ్చాను. ఆ టూరు మొత్తంలో నేను ఆర్డర్ దాటింది అక్కడే మొదలు. తొమ్మిదో గది వెనక, సూర్యుడి కుడిచెంప మీద, బీటకి అడ్డంగా నిండు గాజుని అతికించింది.

గాజు పగిలితే అరిష్టం కదప్పా, రాములు బావ మీద పెట్టుకుంటావేం అన్నాను.

"అందుకే ఎట్టినాను. అద్దవైతే ఓ పూట మరిసిపోతాను. ఇది మరుత్తానేటి?"

సాయంత్రానికి మరో ఆరుగురు పెట్టారు. దాదా చూస్తే పీకిస్తాడని భయపడ్డాను. ఆయన చూశాడు. కళ్ళు చెమర్చాయి. జానపద ప్రతిభ ఎంత సహజంగా పొంగిందో అంటూ ఇరవై నిమిషాలు మాట్లాడాడు. అద్దం మచ్చ, గాజు కళ. అలా ఉండిపోయాయి.

సభ రోజు. తొమ్మిదింటికి బల్లలు, మైకు, కాగితప్పూలు. బాధితుల కుర్చీలు మొదటి వరసలో, సరిగ్గా గోడ కింద. మగవాళ్ళు పోర్టుకి పోయారు, ఆడవాళ్ళని మాత్రం సభ కోసం దాదా పనికి పోనివ్వలేదు. తొమ్మిది ఇరవైకి అప్పలనరసమ్మ గోడ దగ్గర కనబడింది. గాజు రెండు ముక్కలై ఉంది. ఏడవలేదు. గదిలోకెళ్ళి సత్తుపళ్ళెం, గరిటె తెచ్చింది. లైను ఈ చివర నుంచి ఆ చివరకి వాయించుకుంటూ నడిచింది. ఇరవై రెండు గదుల జనం పిల్లాపాపలతో బయటికొచ్చారు. ఎందుకని ఎవరూ అడగలేదు.

దాదా ఎదురెళ్ళి, అమ్మా, కార్యక్రమం పదింటికి, ఇప్పుడే వాయిద్యాలెందుకని బతిమాలాడు. అందర్నీ కుర్చీల్లో కూర్చోమన్నాడు. నేను హ్యాండ్‌సెట్ అందుకున్నాను.

"గోడ కదిలింది. స్థలం ఖాళీ చేయిస్తున్నాను. ఓవర్."

"ఎవరి ఆర్డర్? ఓవర్."

"అప్పలనరసమ్మ ఆర్డర్. అవుట్."

పై అధికారితో ముందుగా అవుట్ అనకూడదు. అన్నాను. మా ఆపరేటర్ మొదటి వరస కుర్చీలు ఎత్తి, ఒకటొకటే రోడ్డు మీదికి విసిరాడు. దాదా నా చొక్కా పట్టుకున్నాడు. ఆయన్ని చొక్కాతో సహా లాక్కుపోయాను. నలుగురు ఆడవాళ్ళు రాములు మంచాన్ని నాలుగు కోళ్ళూ పట్టి ఎత్తారు.

తొమ్మిది యాభై రెండుకి సూర్యుడు అస్తమించాడు. ముందు పావురాలు, తర్వాత అరచేతులు, తర్వాత మొత్తం. తొమ్మిదో గది ఉన్నచోట ఇటుకలు నా ఛాతీ ఎత్తు. కింద ఎవరూ లేరు.

మర్నాడు ఏడింటికి దుంగలొచ్చాయి. ఆనించడానికి గోడ లేదు. లైను వాళ్ళని చివరికి ఆ హౌరా గుడారాల్లోకే తోలారు. సమితి నివేదిక రాసింది. సృజనాత్మక కార్యక్రమం జనంలో నింపిన చైతన్యం వల్లే ప్రాణనష్టం జరగలేదట. బీటల మీద గాజులు అమర్చే వినూత్న ఆలోచనకి నాకు ప్రశంసాపత్రం. అప్పలనరసమ్మ పేరు ఎక్కడా లేదు. ఉందేమోనని తిప్పి వెనకవైపు కూడా చూశాను. ఆ కాగితం ఇంటికి తెచ్చి బీరువా అడుగున చెదలకి పెట్టాను. అవీ ముట్టలేదు.

నెల తిరక్కుండా మా కంపెనీని వెనక్కి పిలిచారు. హౌరాలో రైలెక్కి కిటికీ పక్కన కూర్చుంటే కళ్ళ ముందుకొచ్చింది, ఇప్పటికీ పోనిది, గోడ పడటం కాదు. ఆ తర్వాతి నిమిషం. ఏక్‌బాల్‌పూర్ రోడ్డు నడిమధ్య నవారు మంచం. రెండువైపులా ఆగిపోయిన లారీలు. దుమ్ము ఇంకా దిగలేదు. చినుకులు మొదలయ్యాయి. అప్పలనరసమ్మ మొగుడి ముఖం తడవకుండా కొంగు కప్పింది. రాములు చెయ్యెత్తి ఆ కొంగు పక్కకి లాగేశాడు.

"ఒగ్గేయే. మూడేళ్ళయింది తడిసి."

నోరు తెరుచుకుని పడుకున్నాడు, వాన లోపలికి పడేలా.