కాలువ కోసం వదిలిన నేల

పోయిన మంగళవారం పొద్దున మాధవరంలో మా మేనమామ కన్నుమూశాడు. ఆయన గురించి నెమ్మదిగా రాద్దామని కూర్చుంటే కోపమే ముందు వస్తోంది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా సర్కారు ఆఫీసువాళ్ళు వచ్చి మామ ఇంటి ముందున్న నేలలో రాళ్ళు పాతారు. వాన నీళ్ళను మనలి ఊరి పక్కగా సముద్రానికి తీసుకుపోయే కాలువ అక్కడ తవ్వుతారన్నారు. నేలలున్న వాళ్ళంతా తిట్టుకున్నారు. మామ ఒక్కడే సంతోషపడ్డాడు. ప్రతి వానకూ ఇళ్ళలోకి మోకాలి లోతు నీళ్ళు వచ్చే వీధి అది.

ఆ రోజు నుంచి ఆయన ఆ నేలలో ఆకుకూరలు తప్ప ఏమీ వేయలేదు. నెల తిరక్కుండా పీకేసే తోటకూర, మెంతికూర. చెట్టు పెడితే రేపు కాలువకు అడ్డమవుతుందని, కాసే చెట్టును కొట్టించిన పాపం తనకొద్దని. మా నాన్న చనిపోయిన ఏడాది మామ రోజూ ఒక కట్ట, వేళ్ళ మట్టి కడిగి, మా గడపలో పెట్టి తలుపు తట్టకుండా వెళ్ళిపోయేవాడు.

అత్త ఊరుకునేది కాదు. "ఒక్క మామిడి మొక్క పెడితే మీ కాలువ ఎండిపోతుందా?"

"ఈ ఏడు తవ్వేస్తార్లేవే. పూతకొచ్చినాక నరికితే నువ్వే ఏడుస్తావు."

"ఆడ తవ్వేలోపల నన్ను పూడుస్తారు" అని నవ్వేది. అట్లాగే అయింది, ఆమె ముందే పోయింది.

కిందటేడు వానలకు ఇల్లు మళ్ళీ మునిగితే నేనే మామను ఆఫీసుకు తీసుకెళ్ళాను. అక్కడి గుమాస్తా తలెత్తలేదు.

"ఆ ప్లాను ఎప్పుడో తీసేసినారు తాతా. తెలీదా?"

"ఎవురూ చెప్పలేదు సార్. రాళ్ళు ఈనాటికీ ఆడనే ఉండాయి."

"ఉంటే ఉండనీ. మీకు కావలసింది వేసుకోండి, పోండి."

ఎనభై దాటిన మనిషి కావలసింది వేసుకోవాలట! ఒక్క కాగితం ముక్క రాసి పంపడానికి ఇన్నేళ్ళలో ఒక్కరికీ చేతులు రాలేదా? నేను గొంతెత్తే మనిషిని కాను. ఆ రోజూ ఎత్తలేదు, అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. రోజూ దీపం పెట్టి అందరూ చల్లగా ఉండాలని మొక్కుకుంటాను. ఆ అందరిలో ఆ ఆఫీసును చేర్చడం ఇంకా నావల్ల కావడం లేదు.

బస్సు దిగే ముందు మామ అడిగాడు. "మామిడి కాయడానికి ఎన్నేండ్లు పడుతుంది అమ్మీ?"

"అయిదారేండ్లు మామా."

"సరి. పోతానే చల్లడానికి మెంతులు నానబెట్టు."

మంగళవారం ఇంట్లో చోటు చాలక ఆయన్ను ఆ నేల అంచున పడుకోబెట్టారు. పదకొండు కాకముందే ఎండ ముఖం మీద పడింది. పక్కకు జరపడానికి మూరెడు నీడ లేదు. పెట్టెలో మిగిలిన అత్త పాత చీర ఒకటి తీసుకొచ్చి, ఆడవాళ్ళం నలుగురం నాలుగు మూలలు పట్టుకుని ఆయనకు అడ్డంగా నిలబడ్డాం. ఎండ జరిగేకొద్దీ మేమూ జరిగాం, పచ్చటి మెంతికూరను కాళ్ళతో తొక్కుకుంటూ.