లేని నైట్ షిఫ్టుకు వెళ్లిన రోజులు

ఒక్క మనిషి నిశ్శబ్దం కోసం ఎంత గొడవ చేయగలడో మీకు తెలుసా? తెలియకపోతే ఇది చదవండి. చదివాక నన్ను మీ పక్క వాటాలో కిరాయికి రానివ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం. నా మూలంగా మణుగూరులో ఆరు ఇళ్లవాళ్లు నెలన్నర పాటు మునివేళ్ల మీద నడిచారు. వాటిలో ఒక ఇల్లు ఖాళీ అయ్యేదాకా వచ్చింది. అంతా నేను ఆడిన ఒకే ఒక్క అబద్ధం వల్ల. అది కూడా పెద్ద అబద్ధమేం కాదు, లెక్కపెడితే నాలుగు మాటలు.

ముందు నా సంగతి చెప్పాలి. నాకు చప్పుడు పడదు. కుక్కర్ కూత వేస్తే అది పొయ్యి మీద కాదు, నా బుర్రలోనే ఉడుకుతున్నట్టు ఉంటుంది. ట్యూబ్‌లైటు గుయ్యిమంటోందని నేను మొత్తుకుంటే ఇంట్లో ఇంకెవరికీ వినిపించేది కాదు. పక్కింటి పోపుకు నేను దగ్గేవాణ్ని, ఎదురింటి అగరొత్తికి తల పట్టుకునేవాణ్ని. ఎవరైనా ఎవరినైనా కసిరితే, ఆ కసురు నాది కాకపోయినా, సాయంత్రం దాకా నాకు అన్నం సహించేది కాదు. మా అమ్మ మొదట దిష్టి అంది, తర్వాత రక్తం తక్కువంది, చివరికి "వీడు రాజుల ఇంట్ల పుట్టాల్సినోడు, దారి తప్పి మన ఇంట్ల పడ్డడు" అని తేల్చేసింది. మా నాన్న అంత దూరం కూడా వెళ్లలేదు. "నాజూకు" అని ఒక్క మాట అని ఊరుకున్నాడు. మా వీధిలో మగపిల్లాడికి ఆ మాట తగిలించడం కంటే తోక తగిలించడం నయం.

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు. ఈ ఉలిపికట్టె ఊరి దారినే పోయేది, కాకపోతే చెవుల్లో దూది పెట్టుకుని పోయేది.

ఈమధ్య ఒక సైకాలజిస్టు దగ్గరికి వెళ్తే ఆవిడ ఓపిగ్గా చెప్పింది. "కొందరి మెదడు తన దగ్గరికి వచ్చిన ప్రతిదాన్నీ గట్టిగా పట్టించుకుంటుంది. అది జబ్బు కాదు, తీరు. ఆటిజం, ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లలో చాలామందికి ఇలా ఉంటుంది. అవేవీ లేకుండా ఇది మాత్రమే ఉన్నవాళ్లూ ఉంటారు. దీన్ని కూడా వాటి వరుసలో చేర్చాలా, విడిగా ఉంచాలా అని మాలో మాకే ఇంకా తెగలేదు." వాళ్లకు ఇన్నేళ్లుగా తెగనిదాన్ని మా నాన్న మూడక్షరాల్లో తెంపేశాడు. ఏమైతేనేం, నా ఇరవై ఆరో ఏట నాకు ఈ మాటలేవీ తెలియవు. తెలిసి ఉంటే ఈ కథే లేదు.

అప్పట్లో నేను ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లో పుస్తకాల పేజీలు కూర్చే పని చేసేవాణ్ని. ఖమ్మంలో మా ఇంటి వెనకాల ఒక ఫంక్షన్ హాలు వెలిసింది. రెండు పెళ్లిళ్ల సీజన్లు భరించాను. మూడోదానికి మూటా ముల్లే సర్దుకుని, అడవి అంటే నిశ్శబ్దమే కదా అనుకుంటూ బస్సెక్కాను. నా తెలివి చూడండి. ఇంత పెద్ద జిల్లాలో ఇంత అడవి ఉండగా, రోజూ మధ్యాహ్నం సైరన్ మోగించి మరీ నేలను పేల్చే ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని పక్కనున్న అడవిని ఏరి కోరి పట్టుకున్నాను.

నిజానికి ఆ పేలుడుతో నాకు పేచీ లేదు. సైరన్ మోగగానే చెవులు మూసుకుని సిద్ధంగా కూర్చునేవాణ్ని. చెప్పి వచ్చే చప్పుడును నేను ఎలాగో తట్టుకుంటాను. చెప్పకుండా కిందపడే గరిటెతోనే నా ప్రాణం పోయేది.

కిరాయి గది చూపించినావిడ పేరు మల్లమ్మ. వరుసగా ఏడు ఇళ్లున్న ఆ లైనంతా ఆమెదే. ఆమె భర్త కొమురయ్య గనిలో డ్రిల్లరుగా చేసి రిటైరయ్యాడు. ముప్పై ఏళ్లు డ్రిల్లు మోత విన్న చెవులు కావడంతో ఆయనకు వినపడేది తక్కువ, ఆయన గొంతు మాత్రం ఎక్కువ. ఆయన మంచినీళ్లడిగితే పాల్వంచలో ఎవరో ఒకరు చెంబుతో బయల్దేరాలి.

మల్లమ్మ మూడో నంబరు గది తాళం తీస్తూ అంది. "ముందే చెప్తున్న బిడ్డా. పొద్దంత ఇంట్లనే కూసునే పిల్లగాండ్లకు మేము ఇయ్యం. ఆడోళ్లు మసిలే లైను ఇది. నువ్వేం పని చేస్తవ్?"

ఏం చెప్పాలా అని అటూ ఇటూ చూశాను. సరిగ్గా అప్పుడే ఐదో నంబరు ముందు గోలీలాడుతున్న పిల్లలు గోలీ గోలీకి తగిలినప్పుడల్లా నోటి మీద వేలు వేసుకోవడం కనిపించింది. పక్కనే తోపుడు బండి మీద కూరగాయలమ్మేవాడు "టమాట" అనే మాటను మంత్రంలా పెదాలతోనే జపిస్తూ పోతున్నాడు.

"ఏంది పెద్దమ్మా, అందరూ గుసగుసలాడుతున్నారు?"

"ఏడో నంబరు రాజన్న పండుకున్నడు. నైట్ షిఫ్ట్" అంది ఆమె కూడా గొంతు తగ్గించి.

బొగ్గు ఊళ్లలో ఉన్నవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. నైట్ షిఫ్ట్ చేసి వచ్చినవాడి పగటి నిద్ర అక్కడ దేవుడి పవళింపు సేవతో సమానం. రోలు మోగదు, మిక్సీ తిరగదు, అత్తాకోడళ్లు పోట్లాటను సాయంత్రానికి వాయిదా వేసుకుంటారు. ఇరవై ఆరేళ్లుగా నేను దేవులాడుతున్న స్వర్గం అది. దాని తలుపు తాళంచెవి మల్లమ్మ చేతిలో ఉంది.

"నాది నైట్ డ్యూటీ పెద్దమ్మా" అన్నాను.

"ఏడ?"

"పంపుల దగ్గర. గనిలో నీళ్లు తోడే పంపులు."

"ఎప్పటికీ నైటేనా? షిఫ్టులు మారయా?"

"కాంట్రాక్టు కదా. మాకు ఎప్పుడూ నైటే."

"అయ్యో బిడ్డా" అని తాళంచెవి నా చేతిలో పెట్టింది.

మొదటి రెండు రోజులూ పక్కనున్న రెండో నంబరు నుంచి ఎవరో స్టీలు మూత మీద చెంచాతో కొడుతున్న చప్పుడు వచ్చింది. టంగ్, టటంగ్, టంగ్, టటంగ్. గడియారంలా ఒకే తీరుగా. చిత్రంగా అది నన్ను ఏమీ అనలేదు. మూడో రోజు అదీ ఆగిపోయింది. ఇక లైనంతా నిశ్శబ్దం. అంత నిశ్శబ్దంలో నా ఫ్యాను రెక్కల్లో ఏది వంకరో కూడా చెప్పగలిగేవాణ్ని.

తాళంచెవి చేతికి రాగానే రొట్టె విరిగి నేతిలో పడిందనుకున్నాను. నిప్పుల్లో పడిందని ఆ రాత్రే తెలిసింది.

ఎందుకంటే, నైట్ డ్యూటీ ఉన్నవాడు రాత్రి డ్యూటీకి పోవాలి కదండీ. ఈ చిన్న సంగతి నాకు తట్టలేదు. రాత్రి తొమ్మిదిన్నరకు మల్లమ్మ టిఫిన్ బాక్సుతో గేటు దగ్గర నిలబడింది. "టైమైతుంది బిడ్డా, జల్దీ పో." పోయాను. ఎక్కడికి? చప్పుడు పడని ఈ మనిషికి తెల్లవార్లూ చోటిచ్చింది బస్టాండు. బస్సుల హారన్లు, "కొత్తగూడెం, ఖమ్మం" అని కేకలు, మైకులో ప్రకటనలు. నెలన్నర పాటు రోజూ అదే తంతు. పొద్దున్నే ఎర్రబడ్డ కళ్లతో తూలుతూ వస్తే, చూసినవాళ్లు "పాపం, పంపులు" అనుకునేవారు. పగలు కంప్యూటర్ ముందు కూర్చోగానే తల బల్లకు ఆనుకుపోయేది. చూస్తూ చూస్తూ నా అబద్ధం నిజమైపోయింది. నేను అచ్చంగా నైట్ డ్యూటీ మనిషినయ్యాను, జీతం ఒక్కటే లేదు.

ఇంకో వింత. పది రోజులయ్యేసరికి మల్లమ్మ పంపే కూర గిన్నె పెద్దదైంది. పప్పుచారు పోయి చేపల పులుసు వచ్చింది. కొమురయ్య నన్ను చూసినప్పుడల్లా ఏదో అనబోయి, దగ్గి, ఊరుకునేవాడు. ఆయన దగ్గుకు కూడా నేను ఉలిక్కిపడేవాణ్ని.

వినాయక చవితికి నాలుగు రోజుల ముందు, మధ్యాహ్నం పూట, నా తలుపు మీద ఎవరో గోటితో గీకారు. తీస్తే రెండో నంబరు స్వరూప. వెనకాల ఏడేళ్ల పాప మేఘన, నా వైపు కాకుండా నా ఫ్యాను వైపు చూస్తూ నిలబడింది.

"నిద్ర చెడగొట్టిన అన్నా, ఏమనుకోకు. ఒకటో తారీకు మేము ఖాళీ చేస్తున్నం. ఇల్లందు, మా అమ్మోళ్ల ఇంటికి పోతం. నెలన్నర నుంచి మాతోని నీకు ఇబ్బందైందేమో, అదొక్క మాట చెప్పి పోదామని."

"నాకేం ఇబ్బంది? ఎందుకు ఖాళీ చేస్తున్నారు?"

"మా పిల్ల మూత కొట్టకుంట ఉండలేదన్నా. దానికి ఆటిజం. అది కొడుతుంటెనే పానం నిమ్మళం అయితది. రాజన్న ఇల్లు దూరం, ఆడిదాక ఇనబడది. నువ్వు గోడ పక్కకే వచ్చినప్పటి నుంచి, నీ నిద్ర పాడైతదని, పొద్దున్నే రైల్వే స్టేషన్‌కు తీసుకపోయి నువ్వు లేచేదాక ఆడనే కూసుంటున్న. ఇప్పుడు వానలకు ఆడ జనం ఎక్కువైండ్రు. రైలు కూత పెడితె ఇది చెవులు మూసుకొని కింద పడిపోతుంది. ఇంక నాతోని అయితలేదు."

"మూత చప్పుడు బాగుండి, రైలు చప్పుడు ఎందుకు పడదు?" అని అడిగాను. అడుగుతుండగానే నాకు జవాబు తెలుసు.

"తను కొట్టేది ఎప్పుడొస్తదో తనకు ఎర్క. పక్కోళ్లు చేసేది ఎర్క ఉండదు గదా."

సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. ఈ భూమ్మీద నాలాంటి చెవులు నాకొక్కడికే ఉన్నాయనుకుంటూ బతికాను. తీరా అలాంటి చెవులున్న ఇంకో మనిషి గోడ అవతలే ఉంటే, ఆ మనిషిని నా నిద్ర కోసం రోజూ రైలు కూత కిందికి తోలాను. అది కూడా లేని నిద్ర.

స్వరూప తటపటాయిస్తూ అంది. "ఒకటి అడగన్నా? తీగ మీద నీ అంగీలు చూసిన. ఒక్కదానికి కూడ మెడకాడ కంపెనీ పేరు పట్టీ లేదు, అన్నీ కత్తిరించి ఉన్నయ్. మా పిల్ల గౌన్లకు నేను గూడ గట్లనే కత్తిరిస్త, గుచ్చుకుంటయని. నీకు గూడ చప్పుడు పడదా?"

దిష్టి తీసినవాళ్లకు తెలియలేదు, రక్తం పరీక్షలకు తెలియలేదు. ఆరేసిన బట్టలు చూసి ఈమె చెప్పేసింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"అవ్" అన్నాను.

"మరి పంపుల కాడ గంత మోతల ఎట్ల చేస్తున్నవ్?"

"పంపులు లేవమ్మా" అన్నాను. "నువ్వు ఎక్కడికీ పోకు. నాతో రా."

మల్లమ్మ వాకిట్లో బియ్యం ఏరుతోంది. పక్కన కుర్చీలో కొమురయ్య. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. నిజం చెబితే గది పోతుంది. చెప్పకపోతే మేఘన ఇల్లు పోతుంది.

"పెద్దమ్మా, నాకు నైట్ డ్యూటీ లేదు."

"ఇయ్యాల లీవా?"

"ఇవాళ కాదు. ఎన్నడూ లేదు."

"నాకు ఎర్కనే" అని గర్జించాడు కొమురయ్య. చెట్టు మీద కాకులు లేచిపోయాయి. "కొత్తగూడెం పోయొస్తుంటె బస్టాండ్ల చూసిన. బాక్సు ఒళ్లె పెట్టుకొని కునుకుతున్నవ్. పని పోయింది, చెప్పుకోలేక తిరుగుతుండు పిల్లగాడు అనుకున్న. అడిగితె చిన్నబోతడని అడగలే. కూర ఎక్కువ పెట్టుమన్న."

ఆ చేపల పులుసంతా ఒక్కసారిగా కళ్లలోకి వచ్చింది. చెవులు వినపడవని నేననుకున్న మనిషి, నోరు విప్పకుండా నెల రోజులు నా పరువు కాపాడాడు.

మల్లమ్మ చేట కింద పెట్టింది. "మరి అబద్ధమెందుకాడినవ్?"

"చప్పుడు పడదు పెద్దమ్మా. చెబితే నవ్వుతారని."

"ఓరి పిచ్చోడా. నాకు వంకాయ పడది. పడదనే చెప్తగని, వంకాయ కొననీకి పోతె అంగడి బందుందని చెప్తనా?" అని నవ్వి, స్వరూప వైపు తిరిగింది. "నువ్వేడికి పోతవే? పిల్లకు మూత తీసియ్యి. ఈనికి మూత చప్పుడు గూడ పడదేమో అడుగు."

"అది పడుతుంది" అన్నాను. "అది లేకే నాకు పని సాగడం లేదు." మేఘన అప్పటికే ఇంట్లోకి పోయింది. టంగ్, టటంగ్ మొదలైంది. ఆ మధ్యాహ్నం నెలన్నరలో మొదటిసారి పన్నెండు పేజీలు కూర్చాను.

కథ ఇక్కడితో ఆగితే ఎంత బాగుండేది. కానీ మల్లమ్మ మాటిచ్చింది. "ఇగ నువ్వు రంది పెట్టుకోకు. లైనోళ్లకు, బజారోళ్లకు అందరికీ నేను చెప్త" అంది. చవితి నాడు సాయంత్రం, వీధి చివర మండపంలో పూజ అయ్యాక, పంతులు చేతిలోని మైకు ఆమె తీసుకుంది. మండపం తాలూకు నాలుగు హారన్ మైకుల్లో ఒకటి సరిగ్గా నా కిటికీ ముందున్న స్తంభానికి కట్టి ఉంది.

"అందరికీ చెప్పేదేందంటె" అని ఆ స్తంభం పిడుగులా విరుచుకుపడింది. "మన లైన్ల మూడో నంబరు పిల్లగానికీ, రెండో నంబరు మేఘనకూ చప్పుడు పడది. జర సుత పడది. గందుకని ఎవ్వలు గూడ చప్పుడు చెయ్యొద్దు. మల్లొకసారి చెప్తున్న."

మల్లొకసారి చెప్పింది. ఇంకోసారి కూడా చెప్పింది. గోడకు ఇవతల నేను, అవతల మేఘన, ఇద్దరం చెవులు మూసుకుని కూర్చున్నాం. ఇంతలో కొమురయ్య నా గుమ్మంలోకి వచ్చి, మైకును మించిన గొంతుతో అడిగాడు. "ఇనబడ్డదా పిల్లగా? లేకుంటె చెప్పు, ఇంకోపాలి చెప్పిస్త."

అప్పుడు, ఆ క్షణాన, ఒట్టు పెట్టుకున్నాను. రెండు చేతులూ చెవుల మీదే ఉన్నాయి గనుక నెత్తిన చెయ్యి పెట్టుకోవడం కుదరలేదు, వినాయకుడు క్షమించుగాక. ఈ జన్మలో ఇక లేని డ్యూటీ చెప్పను, లేని నిద్ర పోను. నాకు చప్పుడు పడదన్న సంగతిని ఉన్నది ఉన్నట్టు అందరికీ చెబుతాను. కాకపోతే నేనే స్వయంగా, ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి, చెవిలో చెబుతాను.