బాలింతకు వేడినీళ్లు

మా అమ్మాయిని, పసిపాపను సంగారెడ్డి ఆస్పత్రి నుంచి మర్నాడు ఇంటికి పంపిస్తామని డాక్టరమ్మ చెప్పిన రోజే మా ఇంట్లో గీజర్ పాడైంది.

ఆ మాట చెబుదామని సంతోషంగా ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుందామని బాత్రూం తలుపు తీశాను. నేలంతా తుప్పు రంగు నీళ్లు. పైన గీజర్ అడుగు నుంచి సన్నటి ధార ఆగకుండా కారుతోంది. స్విచ్ తీసేశాను. మిద్దె మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు కట్టేశాను. లోపలి డబ్బాకు చిల్లు పడిందని, అది ఇక బాగుపడేది కాదని చూడగానే తెలిసిపోయింది.

నేను పటాన్‌చెరు దిక్కు ఒక మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాను. మా నాయన ఊళ్లో కూలిపని చేసేవాడు. నేను అదే ఫ్యాక్టరీలో బొగ్గు మోయడానికి చేరి, తర్వాత పరీక్ష రాసి, సర్టిఫికెట్ తెచ్చుకుని, ఆ బాయిలర్‌నే నడిపాను. షెడ్డులోకి అడుగు పెడుతుంటే, మీటర్ ముల్లు కనపడకముందే, చప్పుడును బట్టి ఆవిరి ఎంతుందో చెప్పేవాణ్ణి. అటువంటి నాకు బాత్రూంలో వేలాడే గీజర్ ఒక లెక్కా అనిపించింది.

“నేనే మారుస్త. కొత్తది తెచ్చి బిగిస్తే అయిపాయె,” అన్నాను మా ఆవిడతో.

ఆమె ముందు గదిలో కూర్చుని పాత నూలు చీరలను పొత్తిళ్ల కోసం చింపుతోంది. తలెత్తకుండానే అంది: “నువ్వు మంట చూసెటోనివి. గోడలు, పైపులు చూసెటోడు వేరే ఉంటడు. ఆయన్ని పిలువు. పొద్దుగాల బిడ్డ వస్తది, ఈ ఇంట్ల నీ ప్రయోగాలు వద్దు.”

నాకు కోపం రాలేదు. ఫ్యాక్టరీలోనూ అంతే కదా. బాయిలర్ నడిపేది నేను, పైపు విప్పేది ఫిట్టర్. ఒకరి పనిలో ఇంకొకరు చెయ్యి పెట్టేవాళ్లం కాదు. పైగా అది గడ్డకట్టే చలికాలం. మా పోతిరెడ్డిపల్లి ఇళ్ల చుట్టూ ఇంకా ఖాళీ జాగాలే ఎక్కువ, తెల్లవారితే మంచు, ఈదురుగాలి. బాలింతకు, పాపకు రోజూ బకెట్లకొద్దీ వేడినీళ్లు కావాలి. వంటింట్లో కాచి, అటు చివర బాత్రూం దాకా మోసుకుపోవడం మా ఆవిడ మోకాళ్లతో అయ్యే పని కాదు.

పక్కింట్లో పైపుల పని చేసిన ప్లంబర్ నంబర్ తీసుకుని ఫోన్ చేశాను.

“రుద్రారంల హాస్టల్ పని మీదున్న సార్. ఎల్లుండి వస్త,” అన్నాడు.

“ఎల్లుండంటే ఎట్ల తమ్మీ? రేపు బాలింత ఇంటికొస్తున్నది.”

“అట్ల ముందుగాల చెప్పాలె గదా సార్. ఈడ నల్లా కట్టేసి వస్తున్న,” అన్నాడు.

మధ్యాహ్నం భోజనాల వేళకు బైకు మీద వచ్చాడు. నలభై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉన్నాడు. బాత్రూంలోకి పోయి ముందు గీజర్ వంక చూడలేదు. వేలి కణుపులతో గోడను అక్కడక్కడా తట్టి చూశాడు. తర్వాత తల పైకెత్తి, “లోపటి ట్యాంక్ పోయింది సార్. రిపేర్ లేదు,” అన్నాడు.

“అది నాకెరుకే. కొత్తది తెస్త, అంతల నువ్వు దీన్ని ఖాళీ చెయ్యి,” అన్నాను.

నేను స్కూటర్ మీద బజారుకు పోయి, పాతదాని సైజుదే కొత్త గీజర్ తెచ్చేసరికి అతను కింది పైపులు విప్పి బకెట్లు పెట్టాడు. నీళ్లతో పాటు తెల్లటి పెళ్లలు పడుతున్నాయి. మా బోరు నీళ్లలోని సున్నం అది. ఫ్యాక్టరీలో బాయిలర్‌కు పోసే నీళ్ల నుంచి ఆ సున్నం తీయడానికే వేరే ప్లాంటు ఉండేది.

నీళ్లు పడటం ఆగింది. అతను స్టూలెక్కి ఒక బోల్టు వదులు చేసి, రెండో దానికి పానా పట్టించాడు. అంతే. ఆ బోల్టు తిరగను కూడా లేదు, గోడలోంచి మొత్తంగా ఊడి వచ్చేసింది. గీజర్ ఒక పక్కకు ఒరిగి కిందికి జారింది. లోపల పేరుకున్న సున్నంతో అది కొత్తదానికి రెండింతలు బరువుంది. నేను ఆలోచించలేదు. కిందికి దూరి భుజం పెట్టాను. తుప్పునీళ్లు నా మెడ మీదుగా బనియన్‌లోకి కారాయి.

“ఇడువకు సార్! ఇడువకు!” అని అరిచాడు ప్లంబర్.

“నేను ఇడువ. నువ్వు ముందు స్టూల్ దిగు. మెల్లగ దిగు,” అన్నాను.

నా పాత గొంతు నాకే మళ్లీ వినిపించింది. షెడ్డులో ఏదైనా తేడా వచ్చినప్పుడు కుర్రవాళ్లతో అట్లాగే మాట్లాడేవాణ్ణి. అతను దిగి రెండు చేతులా అందుకున్నాడు. ఇద్దరం కలిసి దాన్ని నేల మీద పెట్టాం. చప్పుడుకు మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది. నా అవతారం, గోడకు పడ్డ బొక్క చూసి, ఇద్దర్నీ కలిపి తిట్టింది. “ఇంటికి బాలింత ఒచ్చే ముంగట ఇంకో మంచం పరిపిస్తరా నాతోని?”

ప్లంబర్ నా భుజం వంక చూశాడు. “దెబ్బ తాకిందా?”

“బాయిలర్ కాడ ఇంతకన్నా బరువులు మోసిన. ఏం కాలే.”

“బాయిలర్ల చేసినవా? అట్ల చెప్పు కాకా, నేను ఆఫీసర్ సారేమో అనుకుంటున్న,” అన్నాడు. అప్పటినుంచి అతనికి నేను సారును కాదు, కాకానే.

కానీ తర్వాతి పేచీ అక్కడే వచ్చింది. కొత్త గీజర్‌ను పాత జాగాలోనే, కొంచెం పక్కన బొక్కలు కొట్టి బిగించమన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు.

“ఈ గోడకు నేను పెట్ట కాకా. ఇటుక లోపట గుల్లగున్నది.”

“ఇన్నేండ్లు ఆగింది గదా?”

“ఆగింది. ఇప్పుడు నీ భుజం మీదికి ఒచ్చింది. దీని కిందనే పీట ఏసుకుని బాలింత కూసుంటది. పసిపిల్లను పట్టుకుని కూసుంటది. నేను పెట్ట.”

బాయిలర్ చూడ్డానికి ఏటేటా ఇన్‌స్పెక్టర్ వచ్చేవాడు. ఆయన కాదన్న రోజు మేనేజర్ కూడా మంట పెట్టించలేకపోయేవాడు. ఆ కాదనే మనిషి విలువ నాకు తెలుసు. “మరి ఏడ పెడ్తవ్?” అన్నాను.

అతను సుత్తి కర్రతో ఎదుటి గోడను తట్టుకుంటూ పోయి, తలుపు పక్క మూల దగ్గర ఆగాడు. అక్కడ చప్పుడు గట్టిగా వచ్చింది. “ఇగో, ఈడ పిల్లర్ ఉన్నది. ఏనుగును కట్టినా ఆగుతది.”

“అంత దూరంకెల్లి పైపు తెస్తే నీళ్లు దారిలనే సల్లగైతయి.”

“జెర అవుతయి. ఏం చేద్దాం?”

ఈ సంగతి నా పనిలోది. ఫ్యాక్టరీలో ఆవిరి పైపులన్నిటికీ వేడి పోకుండా చుట్టూ తొడుగు వేసేవాళ్లం. “పైపు నువ్వు గుంజు. దానికి తొడుగు నేనేస్త,” అన్నాను. హార్డ్‌వేర్ షాపులో ఏసీ పైపులకు తొడిగే నల్లటి స్పాంజి గొట్టం దొరుకుతుందని నాకు తెలుసు.

ఇంకో చిక్కు మిగిలింది. పైపును గోడలో దాచాలంటే టైల్స్ పగలగొట్టి, సిమెంటు పెట్టి, ఆరేదాకా ఆగాలి. గోడ పైన బిగిస్తే సాయంత్రానికి అయిపోతుంది, కాకపోతే గోడంతా పైపు కనపడుతుంది. ఆ టైల్స్ మా ఆవిడ ఏరి కోరి వేయించుకున్నవి. ఆమెను పిలిచి ఆమెనే అడిగాడు ప్లంబర్.

“బాత్రూంల చూపుకేమున్నది? నీళ్లు రావాలె. పైననే పెట్టు,” అంది ఆమె, టైల్స్ వంక చూడకుండా.

ఇక పని నడిచింది. అతను డ్రిల్లింగ్ మిషన్‌తో పిల్లర్‌లో బొక్కలు కొట్టాడు. కొత్త బోల్టులు దిగగొట్టి, గీజర్ తగిలించే ముందు వాటిని పట్టుకుని తన ఒంటి బరువంతా వేసి వేలాడి చూశాడు. నన్నూ వేలాడమన్నాడు. వేలాడాను. అది చూసి మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అతను పైపు కోసి అతికిస్తుంటే నేను వెనకాల స్పాంజి గొట్టం చీల్చి తొడుగుతూ, టేపు చుడుతూ వచ్చాను. ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు. రిటైరైన తర్వాత పని తెలిసిన మనిషి పక్కన నిలబడి పనిచేయడం నాకు అదే మొదటిసారి. చేతులు ఎంత హాయిగా ఉన్నాయో చెప్పలేను.

చివర్లో అతను గీజర్ కింద చిన్న సేఫ్టీ వాల్వ్ బిగించి, “కాకా, ఒక్క మాట. నీళ్లు కాగుతున్నప్పుడు దీంట్లకెల్లి సుక్కలు పడ్తయి. శానా మంది లీకేజీ అనుకుని నాకు ఫోన్ చేస్తరు. దాన్ని మూసెయ్యమంటరు,” అన్నాడు.

“నువ్వు మూస్తవా?”

“నేను ముయ్య. మూస్తే గీజర్ పేలుతది. వాళ్లే ఇంకొకన్ని తెచ్చి మూపిచ్చుకుంటరు.”

“మా ఇంట్ల ఎవ్వలు ముయ్యరు. దానికో సన్న గొట్టం పెట్టి నీళ్లు పోయే మోరీ దాకా దించు,” అన్నాను. నేను బొగ్గు మోసే రోజుల్లో మా పెద్ద ఆపరేటర్ ఒక మాట చెప్పేవాడు: సేఫ్టీ వాల్వ్ మొత్తుకుంటే భయపడకు, మొత్తుకోవాల్సినప్పుడు మొత్తుకోకపోతే భయపడు. ఆ మాట చెబితే ప్లంబర్‌కు బాగా నచ్చింది. హాస్టల్ ఓనర్‌కు కూడా ఇదే చెబుతానన్నాడు.

నీళ్లు వదిలాం. వేడినీళ్ల నల్లా విప్పి పెట్టి నిలబడ్డాం. ముందు గాలి బుసకొట్టింది, తర్వాత తెల్లగా నురుగు, ఆ తర్వాత నిండు ధార. మా ఆవిడ స్విచ్ మీద చెయ్యి వేసి ముందునుంచీ ఎదురుచూస్తోంది. “ఇప్పుడు!” అని నేనూ ప్లంబరూ ఒకేసారి అన్నాం. నీళ్లు లేకుండా మంట పెట్టకూడదన్న సంగతి మా ఇద్దరికీ ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఎర్ర లైటు వెలిగింది. మా ఆవిడ చాయ్ పెట్టింది. తాగేలోపు గొట్టంలోంచి మొదటి చుక్క మోరీలో పడింది. “అయ్యో, కారుతున్నది,” అంది ఆమె. “కారాలె,” అన్నాను నేను. ప్లంబర్ చాయ్ గ్లాసు కింద పెట్టి గట్టిగా నవ్వాడు. అతను పోయాక, పాప ఒళ్లు తలచుకుని, వేడి పెంచి తగ్గించే నాబ్‌ను కొంచెం తక్కువకు తిప్పి పెట్టాను.

మర్నాడు మా అమ్మాయి పాపను ఎత్తుకుని కారులోంచి దిగింది. ముత్తంగి గోదాములో పనిచేసే మా అల్లుడు సెలవు పెట్టి వెంట వచ్చాడు. ఆ తర్వాతి రోజు పొద్దున స్నానం చేయించడానికి అవ్వ వచ్చింది. మా చుట్టుపక్కల బాలింతలందరికీ ఆమే నీళ్లు పోస్తుంది. డెబ్భై ఏళ్లుంటాయి, వేళ్లు మాత్రం ఇనుములా ఉంటాయి. గీజర్ వంక చూసి అక్కడే ఆగిపోయింది.

“కరెంటు నీళ్లు బాలింతకు పోయొద్దు. కట్టెల పొయ్యి మీద మసలబెట్టిన నీళ్లు కావాలె. వాయిలాకు ఎయ్యాలె.”

“ముందు చెయ్యి పెట్టి సూడు అవ్వా,” అని నల్లా విప్పాను. ఆమె నమ్మకం లేకుండా చెయ్యి పెట్టింది. వెంటనే తీయలేదు. చేతిని తిప్పుతూ, మోచేతి దాకా తడుపుకుంది. “వేడైతే ఉన్నది,” అంది చివరికి. “కానీ ఆకు ఏడున్నది?”

ఆకు మా ఆవిడ ముందే తెప్పించి ఉంచింది. ఒక గంజులో వావిలాకు వేసి గ్యాస్ మీద మరిగించింది. ఆ పసరు నీళ్లను గీజర్ నీళ్ల బకెట్‌లో కలిపితే బాత్రూం అంతా ఘాటైన వాసన కమ్ముకుంది. అవ్వ ఒప్పుకుంది. కాళ్లు చాపుకుని, పాపను వాటి మీద పడుకోబెట్టుకుని, నలుగు పెట్టి, చెయ్యి అడ్డం పెట్టి నీళ్లు పోసింది. పాప మొదట గుక్కపట్టి ఏడ్చింది, తర్వాత వేడికి ఒళ్లు వదిలేసి ఊరుకుంది. తర్వాత మా అమ్మాయి నడుం మీద, కాళ్ల మీద ధారగా పోస్తుంటే, “ఇంకో చెంబు అవ్వా, ఇంకో చెంబు,” అంటున్న ఆమె గొంతు బయట కూర్చున్న నాకు వినిపించింది. కానుపు నొప్పులప్పుడు విన్న గొంతు కాదది.

తల్లీబిడ్డలకు సాంబ్రాణి పొగ వేసి, పక్క మీద పడుకోబెట్టి బయటికొచ్చిన అవ్వకు మా ఆవిడ చాయ్ ఇవ్వబోయింది. ఆమె అందుకోలేదు. కొంచెంసేపు గుమ్మం పట్టుకుని నిలబడింది.

“బిడ్డా, ఇంకా నీళ్లు ఉన్నయా గందుల?” అని మా ఆవిడను మెల్లగా అడిగింది. “అందరికి పోస్త గని, ఇంటికాడ నాకు కాగబెట్టెటోళ్లు లేరు. ఈ చలికి సన్నీళ్లే పోసుకుంటున్న.”

మా ఆవిడ తన ఉతికిన చీర ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. నేను లోపలికి పోయి, నీళ్లు కాగి ఎర్ర లైటు ఆరేదాకా ఆగి, బకెట్ అంచుదాకా నింపి బయటికొచ్చాను. తలుపు వేసుకుని అవ్వ చాలాసేపు పోసుకుంది. మేము ఎవ్వరం తొందర పెట్టలేదు. బయటికొచ్చి, వరండాలో ఎండ పడేచోట కూర్చుని, తెల్లని జుట్టు విరబోసుకుని ఆరబెట్టుకుంటూ, అప్పుడు అడిగింది చాయ్.